గోల్ఫ్ గిఫ్ట్ సెట్: జేబులో ఏది ఉంచుకోవాలి, ఏది బ్యాగ్‌లోంచి తీసేయాలి

క్లబ్ టోర్నమెంట్లలో బహుమతిగానూ, సభ్యుల మధ్య కానుకగానూ ఎక్కువగా చేతులు మారేది గోల్ఫ్ యాక్సెసరీ సెట్. మూత తీస్తే స్పాంజి అరల్లో ఒక పిచ్ ఫోర్క్, అయస్కాంతంతో అతుక్కునే బాల్ మార్కర్, టోపీ క్లిప్, బంతి మీద గీత గీసుకోవడానికి స్టెన్సిల్, దానికో పెన్ను, బంతిని నిలబెట్టుకోవడానికి గుప్పెడు టీలు, మడతపెట్టిన టవల్ ఉంటాయి. ఖరీదు పెరిగేకొద్దీ లేజర్ రేంజ్‌ఫైండర్, కార్ట్‌కి అంటుకునే బ్లూటూత్ స్పీకర్ వచ్చి చేరతాయి. చాలామంది వీటిని మెరుపు చూసి కొంటారు. నిజానికి ఇందులో దాదాపు ప్రతి వస్తువూ గోల్ఫ్ రూల్స్‌తో ఎక్కడో ఒకచోట ముడిపడి ఉంది. కొన్ని కోర్సును కాపాడతాయి, కొన్ని తోటివారి సమయం మిగులుస్తాయి, కొన్ని మాత్రం గమనించేలోపే రెండు స్ట్రోకులు (దెబ్బలు) పెనాల్టీగా నెత్తిన వేస్తాయి. ఈ సమీక్షకు కొలబద్ద అదే. కంపెనీ పేర్లతో పనిలేదు. ఒకే అచ్చులో పోసిన వస్తువు పది లోగోలతో అమ్ముడవుతుంది. చూడాల్సింది ఆకారం, కొలత.

తీర్పు ముందే చెప్పేస్తే: ఫోర్క్, మార్కర్, పెన్ను ఈ మూడూ ఎప్పుడూ జేబులో ఉండాలి. రేంజ్‌ఫైండర్ మంచిదే, ఒక షరతు మీద. స్టెన్సిల్ మీ ఇష్టం. స్పీకర్ లేని సెట్ దొరికితే అదే కొనండి.

పిచ్ ఫోర్క్

ఎత్తు నుంచి గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద పడ్డ బంతి చేసే గుంట పిచ్ మార్క్. అక్కడి గడ్డి చావదు, పక్కకు ఒత్తుకుపోతుంది. వెంటనే సరిచేస్తే కొద్ది రోజుల్లో మాసిపోతుంది. వదిలేసినా, తప్పుగా సరిచేసినా వారాల తరబడి మచ్చగా మిగిలి, తర్వాత వచ్చేవాళ్ల పట్‌లను (హోల్ వైపు బంతిని దొర్లించే దెబ్బలను) పక్కకు తిప్పుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఒక్కటే. ఫోర్క్‌ను గుంట మధ్యలో దించి, తాళం తెరిచినట్టు అడుగును పైకి లేపుతారు. అప్పుడు వేళ్లు తెగుతాయి, కింది మట్టి పైకి వస్తుంది, ఆ చోట గడ్డి ఎండిపోతుంది. పైకి చదునుగా కనబడుతుంది కాబట్టి చేసినవాడికి తప్పు చేశానని కూడా తెలియదు.

సరైన పద్ధతిలో అసలు లేపడమే ఉండదు. గుంట అంచుకు కాస్త బయట పళ్లను వాలుగా దించాలి. పిడిని గుంట మధ్య వైపుకు తోయాలి. అంచున పోగుపడ్డ గడ్డి లోపలికి జరుగుతుంది. అలా చుట్టూ నాలుగైదు చోట్ల చేసి, చివర్లో పటర్ (పట్ చేసే కర్ర, అంటే క్లబ్) అడుగుతోనో బూటు అడుగుతోనో మెల్లగా అదమాలి. అరచేత్తో తడిమితే ఎత్తుపల్లం తగలకూడదు. ఈ పనంతా పది పదిహేను సెకన్లలో అయిపోతుంది.

ఇప్పుడు ఫోర్క్ ఎంపిక. పళ్లు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లుంటే చాలు. అంతకన్నా పొడవైతే లోతుకు దిగి వేళ్లను కదిలిస్తాయి, పైగా పొడవుగా ఉన్నప్పుడు మీట వేయాలనే బుద్ధి పుడుతుంది. పళ్లు సన్నగా, గుండ్రంగా ఉండాలి. గిఫ్ట్ సెట్లలో వచ్చే ఫోర్కుల్లో సగం ఇక్కడే తప్పుతాయి: పళ్లు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండి గడ్డిని కోస్తాయి. బరువైన పోత లోహంతో చేసి, వెనక సీసా మూత తీసే కొక్కెం పెట్టి, పైన రంగు పూసినవి చూడ్డానికే బాగుంటాయి. ప్లాస్టిక్‌వి తేలిక, కానీ గట్టిపడ్డ గ్రీన్‌లో వంగుతాయి. బటన్ నొక్కితే తెరుచుకునే రకం జేబుకు క్షేమం. కీలులో ఇసుక చేరితే మాత్రం సగంలో ఆగిపోతుంది, వారానికోసారి నీళ్లతో కడగాలి. అన్నింటిలో మేలైనది ఒంటి ముక్క అల్యూమినియం, పొట్టి పళ్లు. పిడి మీద క్లబ్ గ్రిప్ ఆనించుకోవడానికి గాడి ఉంటే తడి రోజుల్లో పనికొస్తుంది.

రూల్స్ సంగతికి వస్తే, 2019 మార్పుల తర్వాత ఫోర్క్ విలువ పెరిగింది. అంతకు ముందు పట్ దారిలో బూటు మేకుల గీతలుంటే ముట్టుకోకూడదు. ఇప్పుడు రూల్ 13.1సి ప్రకారం పిచ్ మార్కులు, బూట్ల గుర్తులు, క్లబ్ గీరినవి, పాత హోల్ పూడ్చిన చోట్లు, జంతువుల అడుగులు అన్నీ పెనాల్టీ లేకుండా సరిచేసుకోవచ్చు. మూడింటిని మాత్రం ముట్టుకోకూడదు: గాలి ఆడటానికి మెయింటెనెన్స్ వాళ్లు వేసిన రంధ్రాలు, నేలకు సహజంగా ఉన్న ఎగుడుదిగుళ్లు, హోల్ అంచు తనంతట తాను అరిగిన చోటు. సరిచేయడానికి చేయి, కాలు, ఫోర్క్, టీ, క్లబ్ లాంటి మామూలు వస్తువులే వాడాలి, ఆట ఆలస్యం కాకూడదు. కొందరు ఈ వెసులుబాటు పట్టుకుని ఆరు మీటర్ల దారిని అంగుళం అంగుళం దువ్వుతుంటారు. రూల్ అందుకోసం రాయలేదు. మర్యాద లెక్క ఇలా పెట్టుకోవచ్చు: మీ గుర్తు ఒకటి, వదిలేసి పోయినవాళ్ల గుర్తు ఇంకొకటి. మీ పట్ దారిలో లేని గుర్తును సరిచేసేది పక్కవాళ్లు పట్ చేస్తున్నప్పుడు కాదు, నడుస్తున్నప్పుడు.

బాల్ మార్కర్

నాణెం అంత సైజు, పల్చగా, ఒకవైపు అయస్కాంతం పట్టేది. మార్కర్‌కు ఇంతకు మించి అవసరం లేదు. ఈమధ్య సెట్లలో పోకర్ చిప్ అంత పెద్ద మార్కర్లు వస్తున్నాయి. గీతలు, బాణాలు, మందంగా ఎనామిల్. ఇంకొకరి పట్ దారి పక్కన అది కూర్చుంటే వాళ్ల కన్ను దాని మీదకే పోతుంది, బంతి తగిలితే పక్కకు పోతుంది. తోటివాళ్లు అడక్కముందే జరపాల్సిన మార్కర్‌ను కొనడం ఎందుకు?

జరిపే పద్ధతి తెలియక జరిగే నష్టం ఎక్కువ. మార్కర్ పక్కన పటర్ తలను ఆనించి, దూరంగా కనిపించే ఏదో కదలని వస్తువు వైపు, ఒక చెట్టు మొదలో స్ప్రింక్లర్ మూతో చూసి, తల పొడవున పక్కకు పెడతారు. తిరిగి వచ్చేటప్పుడు అదే వస్తువును చూస్తూ వెనక్కి జరపాలి. మరచిపోయి జరిపిన చోటు నుంచే పట్ చేస్తే అది తప్పుడు స్థలం నుంచి ఆడటం: మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు, హోల్ హోల్‌కీ గెలుపు తేల్చే మ్యాచ్ ప్లేలో ఆ హోల్ పోతుంది. దీనికో చిన్న కిటుకు ఉంది. మార్కర్‌ను జరిపిన వెంటనే తిరగేసి పెట్టండి. లోగో కనబడకపోతే జరిపానని గుర్తొస్తుంది. రెండువైపులా ఒకేలా ఉండే మార్కర్ కొనొద్దనేది అందుకే.

రూల్ 14.1 చెప్పేది సూటిగానే ఉంటుంది. బంతిని ఎత్తే ముందు దాని వెనకనో పక్కనో ఆనించి మార్కర్ పెట్టాలి, లేదా క్లబ్‌ను నేలకు ఆనించి పట్టుకుని గుర్తించాలి. మార్కర్ అంటే మనిషి చేసిన చిన్న వస్తువు, అంటే టీ, నాణెం, మార్కర్ కోసమే చేసిన బిళ్ల. ఎండుటాకు, గడ్డిపోచ చెల్లవు. గుర్తు పెట్టకుండా ఎత్తితే ఒక స్ట్రోకు. బంతిని తిరిగి పెట్టాక మార్కర్ తీయకుండా పట్ చేసినా ఒక స్ట్రోకే, ఇది చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఆత్రంలో మరచిపోతారు.

టోపీ క్లిప్ అయస్కాంతం గురించి ఒక మాట. బలహీనమైనదైతే వంగినప్పుడల్లా మార్కర్ జారి గడ్డిలో పడుతుంది, గడ్డి కోసే మోయర్ బ్లేడుకు తగులుతుంది. కొనే ముందు తలకిందులు చేసి విదిలించి చూడండి. అయస్కాంతం ఫోర్క్ పిడిలోనే ఉండే రకం అయితే ఒకే జేబులో రెండూ ఉంటాయి, క్లిప్పే అక్కర్లేదు.

బంతి ప్రమాదవశాత్తు కదిలితే ఏం చేయాలన్న గొడవ ఇప్పుడు లేదు. 2016 యూఎస్ ఓపెన్ చివరి రోజు ఓక్‌మాంట్‌లో గ్రీన్ మీద డస్టిన్ జాన్సన్ బంతి కాస్త కదిలింది. పెనాల్టీ పడుతుందో లేదో తేలకుండానే మిగతా హోల్స్ ఆడాల్సి వచ్చింది, చివరకు ఒక స్ట్రోకు వేశారు, అయినా ఆయనే గెలిచాడు. మరుసటి ఏడాది జనవరి నుంచి లోకల్ రూల్‌గా (నిర్వహించే కమిటీ పెట్టుకుంటేనే వర్తించేదిగా), 2019 నుంచి అసలు రూల్‌గా మార్పు వచ్చింది: గ్రీన్ మీద బంతినో మార్కర్‌నో పొరపాటున కదిలిస్తే పెనాల్టీ లేదు, ఉన్నచోట తిరిగి పెడితే సరి. కాబట్టి పక్కవాడి కాలు మీ మార్కర్‌కు తగిలితే ముఖం చిట్లించాల్సిన పనిలేదు.

పెన్ను, స్టెన్సిల్

సెట్లో అన్నిటికన్నా చవకైనది, ఎక్కువ స్ట్రోకులు మిగిల్చేది ఈ పెన్నే. పర్మనెంట్ ఇంకు, సన్నటి మొన, ఈ రెండూ చూడండి. లావు మొన పెన్నులతో వేసిన గుర్తు బంతి పల్లాల్లో పాకి మచ్చగా మారుతుంది. వేశాక అర నిమిషం ఆరనివ్వాలి. లేకపోతే చేతికీ గ్లవ్‌కీ అంటుతుంది. కొన్ని రౌండ్లకు గుర్తు పల్చబడుతుంది, మళ్లీ దిద్దాలి. సెట్లలో ఇచ్చే పెన్నుల మూతలు వదులుగా ఉండి నెలకే ఎండిపోతుంటాయి. స్టేషనరీ షాపులో దొరికే మామూలు పర్మనెంట్ మార్కర్ వీటికన్నా నయం.

గుర్తు ఎందుకంటే, క్లబ్‌లో నలుగురు కలిసి ఆడితే ఇద్దరి దగ్గర ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నంబర్ బంతి ఉండటం మామూలే. నంబర్లు ఎక్కువగా 1 నుంచి 4 వరకే ఉంటాయి మరి. రెండూ రఫ్‌లో (పొడవు గడ్డిలో) పక్కపక్కన దొరికి, ఏది ఎవరిదో చెప్పలేకపోతే రెండూ పోయిన బంతుల కిందే లెక్క. ఇద్దరూ వెనక్కి వెళ్లి పెనాల్టీతో ఆడాలి. ఇంకొకరి బంతిని ఆడేస్తే రెండు స్ట్రోకులు. ఆ తప్పు బంతితో కొట్టినవి లెక్కలోకి రావు, సరిచేసుకోవాలి. సరిచేయకుండా తర్వాతి హోల్ టీ షాట్ (మొదటి దెబ్బ) కొట్టేస్తే డిస్‌క్వాలిఫై. మూడు చుక్కలు పెట్టుకుంటే ఇదంతా తప్పుతుంది.

ఇద్దరు ముగ్గురు ఒకే రకం చుక్కలు పెట్టుకునే క్లబ్‌లూ ఉన్నాయి. కాబట్టి మొదటి టీ (ఆట మొదలయ్యే చోటు) దగ్గరే బంతి పేరు, నంబర్, గుర్తు గట్టిగా చెప్పుకోవడం మంచి అలవాటు. మొదటి బంతి పోయిందేమోనని ముందుజాగ్రత్తగా కొట్టే ప్రొవిజనల్ బంతికి వేరే గుర్తు ఉండాలి, వేరే నంబర్ అయితే ఇంకా మంచిది. ప్రొవిజనల్ కొట్టే ముందు ‘ప్రొవిజనల్’ అన్న మాట వాడి తీరాలి, లేదా అదే అర్థం స్పష్టంగా వచ్చేలా చెప్పాలి. ‘ఇంకోటి కొడతా’ అని ఊరుకుంటే చాలదు. ఆ రెండో బంతే అసలు బంతి అయిపోతుంది, మొదటిది ఫెయిర్‌వే (గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారి) మధ్యలో దొరికినా పనికిరాదు. వెతకడానికి దొరికేది మూడు నిమిషాలు. 2019కి ముందు ఐదు. మీరో, బ్యాగ్ మోసే మీ క్యాడీయో వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి గడియారం నడుస్తుంది. దొరికిన బంతి మీదేనా అని చూడటానికి ఎత్తాలంటే ముందు గుర్తు పెట్టాలి, గుర్తు కనబడేంత వరకే తుడవాలి.

స్టెన్సిల్‌తో గీత గీసుకోవడం రూల్స్ ప్రకారం తప్పు కాదు. గ్రీన్ మీద ఆ గీతను హోల్ వైపు సర్దడంలోనే ఇబ్బంది. ఒకసారి పెట్టి, వెనక్కి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ వెనక్కి... రూల్ 5.6 సూచించేది, ఆడటానికి వీలు కలిగాక 40 సెకన్లలోపు స్ట్రోకు కొట్టమని. మామూలుగా అంతకన్నా తొందరగానే కొట్టాలని కూడా అదే రూల్ అంటుంది. గీత గీసుకునేవాళ్లు ఎదుటివాళ్లు పట్ చేస్తుండగానే తమ దారి చదివి పెట్టుకోవాలి. అది చేతకాకపోతే స్టెన్సిల్‌ను డబ్బాలోనే వదిలేయడం నలుగురికీ మంచిది.

రేంజ్‌ఫైండర్

షరతు ఏమిటంటే: స్లోప్ (ఎత్తుపల్లాల లెక్క) ఆపే మీట బయట ఉండాలి, ఆపినట్టు బయటివాళ్లకు కనబడాలి. లేజర్ దూరం చెప్పడం 2019 నుంచి మామూలుగానే అనుమతి ఉన్న పని. వద్దనుకున్న కమిటీ లోకల్ రూల్ పెట్టి ఆపుకోవచ్చు. 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ చాంపియన్‌షిప్‌లో కూడా వీటిని వాడనిచ్చారు. మేజర్ టోర్నీల్లో అదే మొదటిసారి. కానీ ఎత్తుపల్లాలు కొలిచి ‘ఆడే దూరం’ చెప్పే స్లోప్ అంకెను పోటీలో వాడకూడదు. గాలి వేగం కొలవడమూ కూడదు. బంతి ఉన్న చోటును బట్టి ఫలానా క్లబ్ తీయమని సలహా ఇచ్చే వాచీల ఫీచర్ కూడా అంతే. మొదటిసారి దొరికితే రెండు స్ట్రోకులు, అదే రౌండ్‌లో ఇంకోసారి అయితే డిస్‌క్వాలిఫై. పరికరంలో స్లోప్ ఉన్నంత మాత్రాన తప్పు లేదు, వాడటమే తప్పు. అందుకే మెనూలో నాలుగు నొక్కులు నొక్కితేగానీ స్లోప్ ఆగని మోడళ్లు క్లబ్ పోటీలకు తలనొప్పి. పక్కవాడికి అనుమానం, మీకు సంజాయిషీ. పక్కన మీట ఉండి, జరిపితే రంగు మారేదో లైటు ఆరేదో అయితే ఎవరూ ఎవరినీ అడగాల్సిన పనిలేదు.

ఇంకో మూడు చూడండి. లేజర్ జెండా కర్రను పట్టుకున్నప్పుడు చిన్న వణుకుతో చెప్పే ఫీచర్ పనికొస్తుంది, ఎందుకంటే వెనక చెట్టు దూరాన్ని జెండా దూరంగా అనుకోవడమే లేజర్‌తో జరిగే అతి సాధారణ పొరపాటు. కార్ట్ కడ్డీకి అంటుకునే అయస్కాంతం గట్టిగా ఉండాలి. గతుకుల దారిలో ఊడిపడే పరికరాలు తక్కువేం కాదు. బ్యాటరీ మామూలు రకమా, చార్జింగ్ రకమా అన్నది మీ అలవాటును బట్టి. చార్జింగ్ మరచిపోయేవాళ్లకు మామూలు బ్యాటరీయే మేలు, బ్యాగ్‌లో ఇంకోటి పెట్టుకుంటే చాలు.

దూరం ఎంతో పక్కవాళ్లకు చెప్పడం సలహా కింద రాదు, అది అందరికీ తెలియగల సమాచారం. నిరభ్యంతరంగా చెప్పండి, ఆట కూడా తొందరగా సాగుతుంది. కానీ ‘ఏ క్లబ్ తీశావ్?’ అని పోటీలో ఎదుటివాణ్ని అడిగితే అడిగినవాడికి రెండు స్ట్రోకులు, అతను చెబితే చెప్పినవాడికీ రెండు. ఒక వాక్యంలో నాలుగు స్ట్రోకులు పోగొట్టుకునే అవకాశం గోల్ఫ్‌లోనే ఉంటుంది కాబోలు.

టీలు, టవల్

టీల గురించి చెప్పేది తక్కువ. పొడవు నాలుగంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు దాటకూడదు. దారి చూపించే బాణాలున్న వింత టీలు రూల్స్‌కు ఒప్పవు. విరిగిన ముక్కలు ఏరి పక్కన పెట్టాలి, అవి మోయర్ బ్లేడ్లను దెబ్బతీస్తాయి.

టీలకు ఇంకో ఉపయోగం ఉంది, డ్రాప్ చేసేటప్పుడు, అంటే బంతిని చేత్తో నేల మీదకు వదిలేటప్పుడు. కార్ట్ దారి మీద పడ్డ బంతికి ఉచిత రిలీఫ్ (పెనాల్టీ లేకుండా పక్కకు జరుపుకునే వీలు) తీసుకునేవాళ్లు ముందే బంతిని ఎత్తేస్తారు. తర్వాత చూస్తే దగ్గరి రిలీఫ్ చోటు పొదలో ఉంటుంది. మనసు మార్చుకుని బంతిని మళ్లీ దారి మీదే పెడితే ఒక స్ట్రోకు పడుతుంది. అందుకని బంతిని ముట్టుకోకుండా ముందు దారి అడ్డం పూర్తిగా తప్పే దగ్గరి చోటు వెతికి అక్కడొక టీ గుచ్చండి. అక్కడి నుంచి పటర్ కాకుండా మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన క్లబ్‌తో, మామూలుగా డ్రైవరే, ఒక పొడవు కొలిచి ఇంకో టీ గుచ్చండి. హోల్‌కు దగ్గర కాకూడదు. నచ్చితేనే బంతి ఎత్తండి. ఎర్ర కర్రలు పాతిన పెనాల్టీ ఏరియా (చెరువు, కాలువ లాంటివి) పక్క నుంచి తీసుకునే రిలీఫ్‌కైతే ఒక స్ట్రోకు పెనాల్టీ, రెండు క్లబ్‌ల పొడవు. డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి. భుజం ఎత్తు నుంచి వదిలే పాత అలవాటు పెద్ద ఆటగాళ్లకూ పోలేదు. 2019లో మెక్సికో పోటీలో రికీ ఫౌలర్‌కు దీని మీదే ఒక స్ట్రోకు పడింది. తప్పుగా వదిలినా, కొట్టకముందే గుర్తొస్తే మళ్లీ సరిగ్గా వదిలితే ఏ పెనాల్టీ లేదు. రెండుసార్లు సరిగ్గా వదిలినా బంతి కొలిచిన చోటు దాటి దొర్లితే, రెండోసారి నేలను తాకిన చోట పెట్టాలి.

టవల్ కాటన్ కన్నా గళ్ల నేత మైక్రోఫైబర్ మేలు, మట్టి తొందరగా వదులుతుంది. ఒక మూల తడిపి, మిగతాది పొడిగా ఉంచుకోవాలి. గ్రీన్ మీద ఎత్తిన బంతిని ఎప్పుడైనా తుడవచ్చు. బయట మాత్రం జాగ్రత్త. ఇంకొకరి ఆటకు అడ్డమని ఎత్తమన్నప్పుడూ, పగిలిందేమో చూడ్డానికి ఎత్తినప్పుడూ తుడిస్తే ఒక స్ట్రోకు. చేతిలో టవల్ ఉంటే అలవాటుగా తుడిచేస్తారు. ఇలాంటప్పుడు బంతిని రెండు వేళ్లతో పట్టుకుని ఉంచడం, లేదా కింద పెట్టేయడం ఉత్తమం.

టవల్ మీద మోకాళ్లూని ఆడకూడదు. 1987లో టోరీ పైన్స్‌లో క్రెయిగ్ స్టాడ్లర్ ప్యాంటు తడవకుండా టవల్ పరిచి చెట్టు కింద నుంచి కొట్టాడు. టీవీలో చూసినవాళ్లు చెప్పేసరికి స్కోర్ కార్డ్ మీద సంతకం అయిపోయింది, ఆ పెనాల్టీ కలపని కార్డు తప్పుడు కార్డు అయి డిస్‌క్వాలిఫై అయ్యాడు. తర్వాత 1995లో ఆ చెట్టు కొట్టేయడానికి ఆయన్నే పిలిచారు! ముళ్లపొదను టవల్‌తో కప్పి పక్కన నిలబడటం కూడా ఇప్పటికీ తప్పే. వానకోటు తొడుక్కుని మోకాళ్లూనితే మాత్రం తప్పు కాదు.

స్పీకర్

రూల్ 4.3 సంగీతాన్ని నిషేధించలేదు. పోటీతో సంబంధం లేని వార్తలు, వెనక మెల్లగా వినిపించే పాట ఫరవాలేదు. స్వింగ్ లయ కుదరడానికో, చుట్టూ గోల వినబడకుండానో పెట్టుకుంటే తప్పు. ఆ తేడా ఆటగాడి మనసులో ఉంటుంది కాబట్టి బయటివాళ్లు తేల్చలేరు, గొడవ అక్కడ మొదలవుతుంది. గోల్ఫ్ కోర్సులో శబ్దం ఎంత దూరం పోతుందో కార్ట్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదు. పక్క గ్రీన్ మీద పట్ చేస్తున్నవాడికి తెలుస్తుంది. సెట్లలో వచ్చే స్పీకర్లలో ఉపయోగపడేది ఒక్కటే, అది వాచీకి బదులు గ్రీన్ దూరం గొంతుతో చెప్పే జీపీఎస్ రకం. అదీ కనిష్ఠ వాల్యూమ్‌లో, కార్ట్ దాటి వినిపించకుండా. మీతో ఆడే ముగ్గురినీ మొదటి టీ దగ్గర అడగకుండా పాట పెట్టొద్దు, ఒకరు వద్దంటే ఆపేయాలి.

డబ్బాలో లేనివి

కంపెనీలు పెట్టని, పెట్టాల్సిన వస్తువు డివట్ సీసా. ఫెయిర్‌వేలో క్లబ్ పెళ్లగించిన గడ్డి చోటు పూడ్చడానికి ఇసుక, విత్తనం కలిపిన సీసా అది. చాలా క్లబ్‌ల కార్ట్‌లకు ఉంటుంది, సగం మంది ముట్టుకోరు. బెంట్ గడ్డి మీద పెళ్ల ముక్కలుగా చితకకపోతే అదే పెట్టి తొక్కితే మళ్లీ పాతుకుంటుంది. బెర్ముడా రకం గడ్డిలో పెళ్ల ఎక్కువగా ఎండిపోతుంది, అక్కడ ఇసుకే దారి. ఇసుక నేల మట్టానికి సమంగా పోసి బూటుతో సరిచేయాలి. కుప్పగా పోస్తే మోయర్ బ్లేడు మొద్దుబారుతుంది, కింద వేస్తే నీళ్లు నిలుస్తాయి. ఇదంతా స్ట్రోకు కొట్టాక మాత్రమే. మీ బంతి వెనకున్న గుంటను కొట్టకముందే సరిచేస్తే లై (బంతి ఉన్న తీరు) బాగుచేసుకున్నట్టు, రెండు స్ట్రోకులు. డివట్ గుంటలో పడ్డ బంతికి ఉచిత రిలీఫ్ లేదు. తాను పడ్డ దెబ్బకే నేలలో దిగబడ్డ బంతికి మాత్రం ఫెయిర్‌వేలోనూ రఫ్‌లోనూ ఉంది.

పెన్సిల్ కూడా కావాలి. స్కోర్ కార్డ్ మీద కూడికలు మీ బాధ్యత కావు, కమిటీవి. మీరు చూడాల్సింది ఒక్కో హోల్ అంకె. అసలుకన్నా తక్కువ రాసి ఇస్తే డిస్‌క్వాలిఫై, ఎక్కువ రాసి ఇస్తే అదే ఖాయం. 1968 మాస్టర్స్‌లో రాబర్టో డి విసెంజో 17వ హోల్‌లో మూడు కొట్టాడు, మార్కర్‌గా (ఆయన స్కోరు రాసే తోటి ఆటగాడిగా) ఉన్న టామీ ఆరన్ నాలుగు రాశాడు, డి విసెంజో చూడకుండా సంతకం పెట్టాడు. ఒక్క స్ట్రోకు తేడాతో టైటిల్ బాబ్ గోల్బీకి దక్కింది. కార్డు మీద దిద్దుబాట్ల పక్కన పొట్టి సంతకాలు పెట్టాలనేది క్లబ్‌ల్లో నలిగే అపోహ, రూల్స్ అడగవు.

చివరిది రూల్స్ పుస్తకం. గోల్ఫ్ రూల్స్ రాసే సంస్థలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ రెండూ ఉచితంగా యాప్‌లు ఇస్తున్నాయి. 2019లో 34 రూల్స్‌ను 24కు తగ్గించాక చదవడం తేలికైంది, 2023లో ఇంకొంచెం సవరించారు. పాత పుస్తకం బ్యాగ్‌లో మిగిలి ఉంటే తీసేయండి, అది తప్పుదారి పట్టిస్తుంది. సందేహం వచ్చినప్పుడు కోర్సు మధ్యలో వాదన పెట్టుకోవడం కన్నా స్ట్రోక్ ప్లేలో ఒక దారి ఉంది. ఇంకో స్ట్రోకు కొట్టకముందే రెండు బంతులు ఆడతానని, ఏది లెక్కించాలనుకుంటున్నారో మార్కర్‌కు చెప్పి, రెంటితోనూ ఆ హోల్ ముగించాలి. కార్డు ఇచ్చే ముందు కమిటీకి చెప్పాలి. రెండు స్కోర్లు ఒకటే అయినా చెప్పి తీరాలి, లేకపోతే డిస్‌క్వాలిఫై. మ్యాచ్ ప్లేలో ఈ వెసులుబాటు లేదు.

యాప్‌లో దొరకనిది మీ క్లబ్ ఏం ఎంచుకుందన్నది. పోయిన బంతికో హద్దు దాటిన బంతికో వెనక్కి నడవకుండా, రెండు పెనాల్టీ స్ట్రోకులతో ఫెయిర్‌వే అంచు దాకా వచ్చి డ్రాప్ చేసే లోకల్ రూల్ ఒకటుంది. కమిటీ పెట్టుకుంటేనే వర్తిస్తుంది, ప్రొవిజనల్ కొట్టినవాళ్లకు వర్తించదు. రేంజ్‌ఫైండర్ నిషేధం ఉందో లేదో అన్నదీ అంతే. మర్యాద సంగతీ ఇలాంటిదే. క్లబ్ తిట్టి విసిరేసినందుకు, బంకర్‌లో (ఇసుక గుంటలో) రేక్‌తో చదును చేయనందుకు స్ట్రోకు వేయాలంటే రూల్ 1.2 కింద కమిటీ ముందుగానే ప్రవర్తనా నియమావళి రాసి పెట్టుకోవాలి. అది లేకుంటే తీవ్రమైన దుష్ప్రవర్తనకు డిస్‌క్వాలిఫై తప్ప మధ్యే మార్గం లేదు. టోర్నమెంట్‌కు సెట్లు ఆర్డర్ ఇచ్చే కమిటీలు స్పీకర్ అర తీసేయించి, అందులో ఒక మార్కర్ పెన్ను అదనంగా, లోకల్ రూల్స్, నియమావళి అచ్చేసిన తడవని కార్డు ఒకటి పెట్టించుకోవచ్చు. డబ్బా చేసేవాళ్లు లోగో ముద్రించినంత తేలిగ్గా కార్డూ ముద్రిస్తారు.